ఎనిమిదిన్నర వేళ్ల ఫైలు

నా ఎడమచేతి చిటికెన వేలు పదేళ్లుగా పని చేయడం లేదు. దానికి జబ్బూ లేదు, దెబ్బా లేదు. గాజులు వేసుకునేటప్పుడు మిగతా వేళ్లతో కలిసి బుద్ధిగా ముడుచుకుంటుంది, బట్టలు పిండేటప్పుడు తన వంతు బలం తాను పెడుతుంది. కీబోర్డు ముందు కూర్చున్నానా, పిలవని పెళ్లికి వచ్చిన చుట్టంలా పక్కకు జరిగి ఊరికే ఉంటుంది. అసలు ఆ వేలే లేని మనిషి పక్కన నాలుగేళ్లు కూర్చుని నేను ఈ పని నేర్చుకున్నాను. ఆమె ఆఫీసు మానేసి ఆరేళ్లయింది. నా వేలు మాత్రం ఇంకా ఆమె పద్ధతిలోనే ఉంది.

మా ఆఫీసు సలాబత్‌పురాలో ఒక చీరల దుకాణం పైన. ఏ చీర ఏ గోదాములో ఉంది, ఏ ఊరికి పోయింది అని వ్యాపారులు చూసుకునే ప్రోగ్రాములు రాస్తాం. మెట్లెక్కుతుంటే కొత్త పాలిస్టర్ వాసన ముక్కుకు తగులుతుంది. యజమాని సేఠ్ ఆమెనూ నన్నూ ఒకే రోజు పనిలో పెట్టుకున్నాడు. కంప్యూటర్ మాత్రం ఒక్కటే ఇచ్చాడు. కొత్త ఆఫీసు కదా, రెండోది తర్వాత కొంటానన్నాడు. ఆ ‘తర్వాత’ రావడానికి ఏడాదిన్నర పట్టింది.

ఆమెది భేస్తాన్, నాది కోసాడ్. ఊరికి ఆ చివర ఒకరం, ఈ చివర ఒకరం. మా రెండు కుటుంబాలూ తెలంగాణ నుంచి ఈ గుజరాతీ ఊరికి మగ్గాల పనికి వచ్చినవే, ఇద్దరం చదివింది మునిసిపాలిటీ వాళ్ల తెలుగు బడుల్లోనే. ఆమె తన తొమ్మిదో ఏట నాన్నకు అన్నం డబ్బా ఇవ్వడానికి లూమ్ కార్ఖానాకు వెళ్లి, తిరుగుతున్న పళ్లచక్రం దగ్గర చెయ్యి పెట్టింది. ఎడమ చిటికెన వేలు మొత్తం, ఉంగరపు వేలు సగం పోయాయి. ఆఫీసులో మొదటి రోజు నేను చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడుతుంటే, చున్నీ తొలగించి చెయ్యి బల్ల మీద పెట్టి, తనకు ఎనిమిదిన్నర వేళ్లని చెప్పింది. లెక్క చూసుకున్నావా, ఇక పని మొదలుపెడదామా అంది. నాకు చూపించింది గానీ అందరికీ చూపించేది కాదు. మెట్ల మీద కొత్తవాళ్ల చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, చున్నీ అంచు ఎడమచేతి మీదికి వచ్చేసేది.

ప్రోగ్రాములు రాసేవాళ్లు రోజంతా ఉండే చోటు ఎడిటర్. అక్షరాలు కొట్టుకునే, దిద్దుకునే ఖాళీ తెర, అంతే. ఏ మీట నొక్కితే ఏం జరగాలో చెప్పడానికి దానికొక సెట్టింగుల ఫైలు ఉంటుంది. ఎవరి ఫైలు వాళ్లది, ఎవరి పోపుల డబ్బా వాళ్లదైనట్టు. మేము వాడే ఎడిటర్‌ను తయారుచేసిన మహానుభావుడికి ఎడమ చిటికెన వేలి మీద ఏం కోపమో, ముఖ్యమైన పనులన్నీ దాని నెత్తినే పెట్టాడు. రాసింది సేవ్ చేయాలంటే కింది మూలన కంట్రోల్ మీట, రాయడం ఆపి బయటికి రావాలంటే పై మూలన ఎస్కేప్ మీట. ఆమె ఒక్కొక్క పనినే ఆ మూలల నుంచి పీకి, బొటనవేలి కింద ఉండే పొడుగాటి స్పేస్ మీట దగ్గరికి తెచ్చింది. స్పేస్ నొక్కి ఎస్ కొడితే సేవ్ అవుతుంది. స్పేస్ నొక్కి ఎఫ్ కొడితే వెతుకుతుంది. రోజుకొకటి, రెండు రోజులకొకటి చేర్చుకుంటూ పోతే ఫైలు రెండు వందల వరుసలైంది.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఒకే కంప్యూటర్, అరగంటకోసారి కుర్చీలు మారాలి. నేను కూర్చున్నప్పుడల్లా నా సెట్టింగులు పెట్టుకోవడం, లేచేటప్పుడు ఆమెవి పెట్టడం. మూడు రోజులు చేసి విసిగిపోయి ఆమెవే ఉంచేశాను. నాకు ఓపిక తక్కువ, మంచితనం అనుకోకండి. నెల తిరిగేసరికి నా చిటికెన వేలు లేవడం మానేసింది. రెండో కంప్యూటర్ వచ్చాక నేను మొదట చేసిన పని ఆమె ఫైలును అందులోకి ఎక్కించుకోవడం.

అప్పటికి ఆ ఫైలు ఇద్దరిదీ అయింది. నేను చేర్చిన వరుసల పక్కన వచ్చీరాని ఇంగ్లిషులో గమనికలు రాసేదాన్ని. ఆమె తెలుగులో, నోటితో మాట్లాడినట్టే రాసేది. “గీ మీట జోలికి పోకు, ఫైలు ఎగిరిపోతది” అని ఒకచోట, “గిది నువ్వే చెడగొట్టినవ్, నాకెర్కే” అని ఇంకోచోట. ప్రతి గమనిక చివర సంతకంలా 8.5 అని అంకె వేసేది. నా గమనికలు పరీక్ష పేపరులా ఉన్నాయని వెక్కిరించేది. మధ్యాహ్నం చాయ్ వచ్చేది. ఒక గ్లాసు సగం తాగి నాకు ఇచ్చి, నా గ్లాసులో సగం తను తాగేది. అలా ఎందుకో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు చాయ్ మొత్తం నేనే తాగుతున్నాను.

నాలుగో ఏట నేను ఆ ఫైలును ఇంటర్నెట్‌లో పెట్టాను. నలుగురికీ పనికొస్తుందని ఇద్దరం అనుకున్నదే. కానీ పక్కన ఒక పరిచయం రాయాలి కదా, అది నేనొక్కదాన్నే రాశాను, ఆమెకు చూపించకుండా. నా స్నేహితురాలికి ఎడమచేతికి ఒకటిన్నర వేలు లేదని, ఆమె కోసం ఇదంతా పుట్టిందని, మనసు కరిగేలా రాశాను. దూరదేశం మనిషి ఎవరో దాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాస్తే నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ ఉత్సాహంలో తీసుకెళ్లి సేఠ్‌కు చూపించాను.

సేఠ్ చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. నాలుగేళ్లుగా ఆమె చెయ్యి ఆయన కళ్ల ముందే ఉంది. అది కష్టమని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. ఎందుకంటే ఆమె పని ఎప్పుడూ ఆగలేదు. నా పరిచయం చదివాక ఆయనకు జాలి వేసింది. సోమవారం పొద్దున ఆమె బల్ల మీద కంప్యూటర్ బదులు ఫోన్ ఉంది. బెన్, అంటే చెల్లీ, ఇక నుంచి వేళ్లకు శ్రమ వద్దు, వ్యాపారుల ఫోన్లు నువ్వు చూసుకో అన్నాడు. జీతం తగ్గించలేదు. తన ఔదార్యానికి తానే మురిసిపోయాడు కూడా. ఆమె పదకొండు రోజులు ఫోన్లు ఎత్తింది. పన్నెండో రోజు మెట్ల దగ్గర నన్ను ఆపింది.

“నా చెయ్యి గురించి చెప్పాల్నంటే నేను చెప్త. నువ్వెవరే చెప్పనీకి?”

ఆమె దిగి వెళ్లిపోయింది. మళ్లీ ఆఫీసుకు రాలేదు.

ఆ మధ్యాహ్నమే నేను ఇంటర్నెట్‌లో నుంచి ఆ పరిచయం తీసేశాను. కంగారులో ఆమె పేరు కూడా తీసేశాను. అదే ఆమె కోరుకుంటుందని అనుకున్నాను. ఫైలు నాదొక్కదానిదే అన్నట్టు మిగిలింది. గమనికల కింద 8.5లు మాత్రం అలాగే ఉంచాను, ఎవరికీ అర్థం కావు కదా అని. రెండుసార్లు క్షమించమని మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు. మూడోసారి పెట్టడానికి మొహం చెల్లలేదు. భేస్తాన్ ఎంత దూరం, బస్సెక్కితే గంట, గంటన్నర. ఆరేళ్లలో ఒక్కసారి కూడా కాళ్లు ముందుకు పడలేదు. ఆమె గుర్తు రాని రోజు లేదని చెబితే అతిశయోక్తిలా ఉంటుంది గానీ, నా పని అలాంటిది. సేవ్ చేసిన ప్రతిసారీ ఆమె వేలి దారిలోనే నా వేలు నడవాలి. రోజుకు వందసార్లు సేవ్ చేస్తాను.

ఈ మధ్యలో ఆ ఫైలు తన దారిన తాను ఎటెటో పోయింది. చేతి నొప్పులున్నవాళ్లు, ఒక చెయ్యి కట్టులో ఉన్నవాళ్లు దాన్ని వాడుకుంటున్నామని రాసేవారు. వాళ్లలో ఒకరు అడిగారు, దీన్ని లినక్స్‌లో ప్యాకేజీగా ఎందుకు చేర్చకూడదని. లినక్స్ అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునే కంప్యూటర్ వ్యవస్థ. దాన్ని వేల ప్యాకేజీలతో కలిపి ప్రపంచానికి పంచే బృందాలున్నాయి. అందులో చేరితే ఎక్కడివాళ్లయినా ఒక్క వరుస కొట్టి తెచ్చుకోవచ్చు. నాకు ఆశ పుట్టింది. నిజం చెప్పాలంటే నా ఆశ ప్రపంచం మీద కాదు. ఆమె పని అలా శాశ్వతంగా నిలబెడితే, నేను చేసిన తప్పు కొంచెమైనా చిన్నదవుతుందేమో అనుకున్నాను.

ప్యాకేజీ కట్టడం మా కింది దుకాణంలో చీర కట్టడం లాంటిదే. చీర మారదు. మడత, అట్ట, కవరు, లోపల చీటీ, ఇవన్నీ పద్ధతి ప్రకారం ఉండాలి. లేకపోతే మూట వెనక్కి వస్తుంది. నా మూటను తనిఖీ చేసినాయన ఏ దేశంలో ఉంటాడో నాకు తెలియదు. మర్యాదగా, పొడిపొడిగా రాసే మనిషి. మొదటిసారే తిప్పి పంపాడు. నేను అత్యుత్సాహంతో, ప్యాకేజీ దించుకున్నవాళ్లందరి సొంత ఫోల్డర్లలోకి ఈ సెట్టింగులు నేరుగా వెళ్లి కూర్చునేలా చేశాను. వాడేవాళ్ల సొంత చోటులోకి ప్యాకేజీ అడుగు పెట్టకూడదట. బయట ఒక పక్కన పెట్టి ఊరుకోవాలట, కావాలనుకున్నవాళ్లు వాళ్లే పిలుచుకుంటారట. అడగకుండా దూరడం నాకు అలవాటే.

దాన్ని సరిచేసి పంపితే రెండో ఉత్తరం వచ్చింది. మూడు విషయాలు రాశాడు. సేవ్ చేయడానికి అందరికీ అలవాటైన కంట్రోల్ మీట కూడా ఉంటే మంచిదన్నాడు. నూట ఎనభయ్యో వరుస పక్కన వేరే భాషలో ఉన్న గమనిక పాతదైతే తీసేయమన్నాడు. ఇక మూడోది. ఈ ఫైలులో రెండు చేతులు కనిపిస్తున్నాయి, కర్తల పత్రంలో ఒక్క పేరే ఉంది. ఈ 8.5 ఎవరు? వారి పేరు, వారి రాతపూర్వకమైన అనుమతి లేకుండా దీన్ని తీసుకోలేం.

ఇదీ మా వృత్తిలో పద్ధతి. ఒక్క వరుస రాసినా ఆ మనిషి పేరు పత్రంలో ఉండాలి, ఎవరైనా వాడుకోవచ్చని ఆ మనిషి ఒప్పుకోవాలి. పేరు రాస్తే మళ్లీ ఆమెను నలుగురిలో నిలబెట్టినట్టు. రాయకపోతే ఆమె పని నేను మింగేసినట్టు. లినక్స్ కొత్త విడుదలకు తలుపులు మూసే తేదీ మూడు వారాల్లో ఉంది. మొదటి పని సులభం కాబట్టి అది చేసేశాను, సేవ్‌ను కంట్రోల్‌కు మార్చాను. రెండో పని చేయలేకపోయాను. మూడోదాన్ని రెండు వారాలు వాయిదా వేసి, ఒక బుధవారం సెలవు పెట్టి ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని భేస్తాన్ బస్సెక్కాను.

ఆమె ఇప్పుడు మెస్ నడుపుతోందని మా అమ్మ ఎప్పుడో నా చెవిన వేసింది. లూమ్ కార్ఖానాల వెనక గల్లీలో, రేకుల కప్పు, మూడు బల్లలు. మగ్గాల చప్పుడు గోడల్లోంచి వస్తూనే ఉంది. పన్నెండు దాటింది, షిఫ్టు మనుషులు తింటున్నారు. ఆమె పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతోంది. రెండు చేతులతో. చున్నీ నడుముకు చుట్టి ఉంది. ఎడమచెయ్యి పిండిలో తెల్లగా, అందరి ముందూ ఆడుతోంది, ఎవరూ అటు చూడటం లేదు.

నన్ను చూసింది. రొట్టె తిప్పింది.

“తిన్నవా?” అంది.

లేదన్నాను. కూర్చోమంది. రెండు రొట్టెలు, పప్పు, పచ్చిపులుసు పెట్టింది. పెట్టినదంతా తిన్నాను. జనం తగ్గాక చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఎందుకొచ్చావని అడగలేదు. నేనే చెప్పాను. ముందు ఆ పాత సంగతికి క్షమించమన్నాను, ఆరేళ్లుగా మనసులో తిప్పుకున్న మాటలు ఒక్కటీ వరుసలో రాలేదు. తర్వాత ప్యాకేజీ సంగతి, పేరు సంగతి చెప్పాను. పేరు వద్దంటే మొత్తం ఆపేస్తానని, అలా ఆపినా నాకేం కష్టం లేదని అబద్ధం ఆడాను. నేను బల్ల మీద పెట్టిన ల్యాప్‌టాప్‌ను ఆమె తనవైపు తిప్పుకుంది.

ఫైలు తెరిచింది. ఆరేళ్లు పిండి కలిపిన వేళ్లు మీటల మీద పడగానే దారి పట్టాయి. ఒక వరుస కొట్టింది. బొటనవేలితో స్పేస్ నొక్కి, ఎస్ కొట్టింది. సేవ్ కాలేదు. మళ్లీ కొట్టింది. నాకు అప్పుడు వెలిగింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన కంట్రోల్ కూడా ఉంచమంటే, నేను తొందరలో స్పేస్ తీసేసి కంట్రోల్ పెట్టాను. ఆఫీసులో నేను వాడేది పాత ఫైలే, ల్యాప్‌టాప్‌లోని ఈ కొత్తదాన్ని ఒకసారి వాడి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు.

“గిది ఎవరి కోసం జేసినవే నువ్వు?”

కోపంగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. వాళ్లు అడిగారని, తేదీ దగ్గర పడిందని ఏదో గొణిగాను. ఆమె ఆ వరుస వెతికి, తనే సరిచేసింది. స్పేస్ మళ్లీ వచ్చింది, కంట్రోల్ కూడా పక్కన ఉండనిచ్చింది. కావాలన్నోళ్లు కొట్టుకుంటారు లే అంది. తర్వాత మొదటి నుంచి ఒక్కొక్క వరుసా చదివింది. తన పాత గమనికల దగ్గర రెండు చోట్ల నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఆరేళ్లు ఎదురుచూశానని ఆ క్షణంలో తెలిసింది.

నూట ఎనభయ్యో వరుస దగ్గర ఆగింది. తెలుగు రాసేటప్పుడు ఒత్తులున్న అక్షరం మీద కర్సర్ తడబడుతుంది. దాన్ని కుదర్చాలనే ఆమె ఆ వరుస మొదలుపెట్టింది. పనెక్కువై ఆఫీసు తెరిచిన ఒక ఆదివారం సాయంత్రం సగంలో ఆపి, పక్కన గమనిక రాసి వెళ్లింది. సోమవారం వచ్చేసరికి బల్ల మీద ఫోన్ ఉంది. ఆ గమనికను తీసేయమని తనిఖీ చేసినాయన అడిగాడని చెప్పాను. ఆమె తీసేయమనలేదు, ఉంచమనలేదు. కింది వరుసలకు వెళ్లిపోయింది.

పత్రంలో తన పేరు ఇంటిపేరుతో సహా రాయమంది. ప్యాకేజీ గురించి రెండు మాటల్లో చెప్పాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆరేళ్ల కిందట నేను నాశనం చేసింది అలాంటి చోటులోనే. అందుకే ల్యాప్‌టాప్ ఆమె వైపే ఉంచి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె కొట్టింది.

“దీనికి ఎనిమిదిన్నర వేళ్లు చాలు. పది ఉన్నోళ్లు గూడ వాడుకోవచ్చు.”

ఇంగ్లిషులోకి నువ్వు మార్చుకో, కానీ అతితెలివి చూపకు అంది. తర్వాత అనుమతి పత్రం చదివి వినిపించమంది. ఎవరైనా, ఎప్పుడైనా, ఎవరినీ అడగకుండా దీన్ని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని చదివాను.

“అంటే నువ్వు గూడ నన్ను మల్ల అడగాల్సిన పన్లేదా?”

లేదన్నాను. మంచిదే అంది. పేరు కింద ఒప్పుకుంటున్నానని కొట్టి, స్పేస్, ఎస్. సేవ్ అయింది. బయట ఇంకో నలుగురు వచ్చారు. ఆమె లేచి చున్నీ నడుముకు బిగించుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది. నేను వెళ్తున్నానంటే తల ఊపింది. మళ్లీ రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. గల్లీ చివరి దాకా ఆమె రొట్టె తట్టే చప్పుడు వినాలని చెవులు రిక్కించాను, మగ్గాల చప్పుడులో కలిసిపోయింది.

ప్యాకేజీని తీసుకున్నారు. తనిఖీ చేసినాయన ఆ రెండు వాక్యాలూ బాగున్నాయని రాశాడు. ఆయన ఇంకే విషయం మీదా అలా రాయలేదు. నూట ఎనభయ్యో వరుస గమనిక గురించి మళ్లీ అడిగితే, అది పాతది కాదని మాత్రం జవాబిచ్చాను. కొత్త విడుదల వచ్చాక ఆఫీసులో కంప్యూటర్ మార్చారు. ఒక్క వరుస కొట్టి మా ప్యాకేజీ దించుకున్నాను. పత్రం తెరిస్తే రెండు పేర్లున్నాయి, ఆమెది ముందు. అనుమతి అంతా పక్కాగా రాయించుకున్నాను. ఆమె దగ్గరికి మళ్లీ వెళ్లడానికి ఒక్క సాకు కూడా మిగుల్చుకోలేదు.

తర్వాత ఫైలులో నూట ఎనభయ్యో వరుస దాకా దిగాను. ఎవరెవరి కంప్యూటర్లలోనో, ఆ భాష రాని వాళ్ల దగ్గర కూడా ఇప్పుడు ఆ గమనిక ఉంది. “గిది సక్కగ లేదు. రేపు కూసొని జేద్దాం. 8.5.” ఆ తడబాటు కుదర్చడం పెద్ద పనేమీ కాదు. ఒక మధ్యాహ్నం కూర్చుంటే నేనొక్కదాన్నే చేసేయగలను. ఇప్పటిదాకా చేయలేదు.